ఓడ ప్రమాదాల దర్యాప్తు రిపోర్టులు: అంత లేటెందుకు, ఎదురుచూసినందుకు తగ్గ సరుకు ఉంటుందా? ఒక సెకండ్ ఇంజనీర్ రివ్యూ

సముద్రం మీదకి వెళ్లి 12 ఏళ్లయింది, ఊరు విశాఖ, ప్రస్తుతం సెకండ్ ఇంజనీర్‌ని. కొత్త షిప్ ఎక్కే ముందు వారం రోజులు నేను చేసే పని ఒకటే, అలాంటి షిప్పుల్లో జరిగిన ప్రమాదాల రిపోర్టులు డౌన్‌లోడ్ చేసుకుని చదవడం. అమెరికాలో నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డ్, అంటే ఎన్‌టీఎస్‌బీ, బ్రిటన్‌లో మెరైన్ యాక్సిడెంట్ ఇన్వెస్టిగేషన్ బ్రాంచ్, అంటే ఎంఏఐబీ, ఇంకా కొన్ని దేశాల్లో ఇలాంటి ఆఫీసులే ఇవి రాస్తాయి, అన్నీ ఫ్రీ, లాగిన్ కూడా అక్కర్లేదు. హోటళ్లకీ ఫోన్లకీ రివ్యూలు రాస్తాం కదా, మా ప్రాణాలకి సంబంధించిన ఈ సర్వీస్‌కి ఎవరూ రాయరేంటి అనిపించి రాస్తున్నా. అందరి కంప్లెయింట్ ఒకటే, లేటు. నా కంప్లెయింట్ కూడా అదే ఉండేది, ఇప్పుడు కొంచెం మారింది, ఎందుకు మారిందో చెప్తా.

ముందు నా సంగతి. కొన్నేళ్ల కింద నేను థర్డ్ ఇంజనీర్‌గా ఉన్న షిప్‌లో లైఫ్‌బోట్ డ్రిల్ జరిగింది. డ్రిల్ అయిపోయింది, బోట్‌ని మళ్లీ పైకి లాగుతున్నారు, డెక్‌కి ఇంకో రెండు మూడు మీటర్లు ఉందనగా వెనక వైపు ఫాల్ వైర్, అంటే బోట్‌ని దించి ఎత్తే ఇనుప తాడు, తెగింది. బోట్ ముందు వైపు వైర్ మీద నిలువుగా వేలాడింది, లోపలున్న ఇద్దర్లో ఒకతను ఎలాగో పట్టుకుని బతికాడు, మా ఆయిలర్, అంటే ఇంజన్ రూమ్‌లో మాకు సాయం చేసే మనిషి, కింద నీళ్లలో పడ్డాడు. శ్రీకాకుళం జిల్లా వాడు, నాతో రాత్రి వాచ్‌లో తెలుగు మాట్లాడే ఒకే ఒక్క మనిషి. తీశాం గానీ బతకలేదు. రెండు నెలల్లో ఇంటికి కంపెనీ నుంచి ఉత్తరం వెళ్లింది, సేఫ్టీ సూచనలు పాటించకపోవడం వల్ల జరిగి ఉండొచ్చు, పూర్తి వివరాలు దర్యాప్తు తర్వాత అని. ఆ "పాటించకపోవడం" అన్న మాట పట్టుకుని డబ్బులు కొంత ఆపేశారు, రిపోర్ట్ రానీ చూద్దాం అన్నారు. రిపోర్ట్ వచ్చేసరికి రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. ఆ మధ్యలో నేను ఎప్పుడు ఊరొచ్చినా అతని భార్య ఫోన్ చేసి అడిగేది, "ఏటి బాబూ, ఆ కాయితం వచ్చిందా?" అని.

అప్పుడు నాకు అర్థమయ్యేది కాదు, ఒక వైర్ తెగితే చెప్పడానికి రెండేళ్లేంటి అని మండిపోయేది. ఆ తర్వాత డాలీ కేసు మొదటి నుంచీ ఫాలో అయ్యా, అందులో కొంత అర్థమైంది.

డాలీ గుర్తుందిగా, 2024 మార్చి 26 అర్ధరాత్రి దాటాక బాల్టిమోర్‌లో ఫ్రాన్సిస్ స్కాట్ కీ బ్రిడ్జిని గుద్దిన కంటైనర్ షిప్. దాదాపు 300 మీటర్ల ఓడ, సింగపూర్ ఫ్లాగ్, కొలంబో బయల్దేరింది, 21 మంది క్రూలో 20 మంది మన ఇండియన్సే. బ్రిడ్జి మీద గుంతలు పూడుస్తున్న కూలీలు ఆరుగురు చనిపోయారు. తెల్లారేసరికి ఇంటర్నెట్‌లో తీర్పు వచ్చేసింది, క్రూకి పని రాదన్నారు, మనవాళ్లని వెక్కిరిస్తూ కార్టూన్ కూడా తిరిగింది, నేను అప్పుడు వేరే షిప్‌లో ఉన్నా, మెస్‌లో ఫిలిపినో కుక్ ఆ బొమ్మ చూపించి పాపం అన్నాడు, ఆ రోజు ఎవరికీ అన్నం సహించలేదు. ఎన్‌టీఎస్‌బీ వాళ్లు మాత్రం మే 14న ప్రిలిమినరీ రిపోర్ట్ ఇచ్చారు, అందులో ఎవరిదీ తప్పు అనలేదు, ఏ టైముకి ఏ బ్రేకర్ ట్రిప్ అయింది, ఎన్నిసార్లు బ్లాకౌట్ అయింది, అంతే. పోర్టులో ఉండగా ముందురోజు కూడా రెండుసార్లు కరెంట్ పోయిందని, వాటిలో ఒకటి మెయింటెనెన్స్ చేస్తూ ఎగ్జాస్ట్ డ్యాంపర్ పొరపాటున మూసేయడం వల్లని రాశారు. నేను కూడా అప్పుడు ఇదేదో దానికి లింకే అనుకున్నా, మెస్‌లో అందరం అలాగే అనుకున్నాం. కాదు. దాన్నీ దీన్నీ వేరు చేసి చూడ్డానికే వాళ్లకి టైం పట్టింది.

జూన్ కల్లా వేలు సరైన చోటికి వెళ్లింది, 6,600 వోల్టుల నుంచి 440కి దించే ట్రాన్స్‌ఫార్మర్ బ్రేకర్ కంట్రోల్ సర్క్యూట్‌లో ఏదో తెగుతోందని, టెర్మినల్ బ్లాక్ ఒకటి పీకి తీసుకెళ్లారు. మామూలుగా అయితే ఇక్కడితో కేసు క్లోజ్, "లూజ్ కనెక్షన్" అని రాసి సంతకం పెట్టేయొచ్చు, నేను చూసిన చాలా కంపెనీల అంతర్గత రిపోర్టులు ఇక్కడే ఆగిపోతాయి. వీళ్లు ఆగలేదు. ఎందుకు లూజ్ అయింది? 2025 నవంబర్ 18న బోర్డ్ మీటింగ్‌లో చెప్పింది ఏంటంటే, ఆ సిగ్నల్ వైర్‌కి పేరు రాసి తొడిగే చిన్న లేబుల్ ఉంటుంది చూడండి, ఆ లేబుల్ బ్యాండ్ సరిగ్గా తొడగలేదు, దానివల్ల వైర్ కొస టెర్మినల్ లోపలికి పూర్తిగా దిగలేదు, దిగినట్టే కనపడుతుంది, పని కూడా చేస్తుంది, ఏదో ఒకరోజు వదిలేస్తుంది. ఆ రోజు బ్రిడ్జి ముందు వదిలేసింది. ఓడలో మైళ్ల కొద్దీ వైర్లు, వేల కనెక్షన్లు, అందులో ఇది ఒకటి. యాక్సిడెంట్ నుంచి ఈ మాట చెప్పడానికి 602 రోజులు, నేనే లెక్కపెట్టా.

ఆ రిపోర్ట్‌లో నన్ను ఆపేసిన విషయం ఇంకోటి ఉంది, రెండో బ్లాకౌట్. మొదటి బ్లాకౌట్ వైర్ వల్ల, క్రూ ఒక నిమిషం లోపే కరెంట్ తిరిగి తెచ్చారు, అది చిన్న విషయం కాదు, చీకట్లో అలారంలన్నీ ఒకేసారి మోగుతుంటే స్విచ్‌బోర్డ్ ముందు నిలబడ్డవాళ్లకి తెలుస్తుంది. మళ్లీ ఎందుకు పోయింది? నడుస్తున్న జనరేటర్లకి ఫ్యూయల్ ఇస్తున్నది అసలు సప్లై పంపు కాదు, పైపులు శుభ్రం చేయడానికి పెట్టిన ఫ్లషింగ్ పంపు. దానికి బ్లాకౌట్ తర్వాత దానంతటది స్టార్టయ్యే ఏర్పాటు లేదు. ఫ్యూయల్ ప్రెజర్ పడిపోయింది, జనరేటర్లు ట్రిప్ అయ్యాయి. అది ఆ రాత్రి ఎవరో చేసిన తప్పు కాదు, అలా నడపడం అలవాటైపోయింది, మేనేజ్ చేసే కంపెనీ పట్టించుకోలేదని రాశారు. పోర్టులో దారి చూపించడానికి ఎక్కిన పైలట్లు, క్రూ టైముకే స్పందించారు, బ్రిడ్జి మరీ దగ్గరైపోవడం వల్ల ఫలితం లేకపోయింది అని కూడా రాశారు. ఆ కార్టూన్ చూసినవాళ్లలో ఎంతమంది ఈ లైన్ చదివారో గానీ నేను మాత్రం మా గ్రూపులన్నిటిలో పంపించా.

ఇంకో సంగతి, వాళ్లు ఓడతో ఆగకుండా బ్రిడ్జి వైపు కూడా వెళ్లారు. 1977లో తెరిచిన బ్రిడ్జి అది, 1980లో ఒకసారి వేరే ఓడ తగిలి తట్టుకుంది, కానీ డాలీ దానికి పదింతలు పెద్దది. ఓడలు అంత పెరిగాక బ్రిడ్జి పిల్లర్ తట్టుకుంటుందా అన్న లెక్క ఎవరూ వేయలేదని తేల్చి, ఫైనల్ రిపోర్ట్ వరకు ఆగకుండా 2025 మార్చిలోనే 19 రాష్ట్రాల్లో 68 బ్రిడ్జిల పేర్లిచ్చి మీరూ లెక్క వేయించుకోండి అన్నారు. ఇది నాకు బాగా నచ్చింది, లేటయ్యే పని లేటవుతుంది, ఈలోపు ప్రాణాలు కాపాడే ముక్క ముందే బయటపెట్టారు.

ఇప్పుడు లేటుకి అసలు కారణాలు. సముద్రం అన్నిటికంటే పెద్ద కారణం. ఎల్ ఫారో అని అమెరికా కార్గో షిప్, 2015 అక్టోబర్ 1న బహామాస్ దగ్గర వాకీన్ తుఫానులో మునిగింది, 33 మందీ పోయారు. రోడ్డు మీద బస్సు పడితే పోలీసులు టేప్ కట్టి కాపలా ఉంటారు, ఇక్కడ సాక్ష్యం మొత్తం 4,700 మీటర్ల లోతులో ఉంది. అక్టోబర్ చివర్లో ఓడ దొరికింది, వీడీఆర్ దొరకలేదు. వీడీఆర్ అంటే విమానం బ్లాక్‌బాక్స్ లాంటిది, ఓడ నడిపే గదిలో (దాన్నీ బ్రిడ్జ్ అనే అంటాం) మాటలన్నీ రికార్డవుతాయి. మళ్లీ 2016 ఏప్రిల్‌లో వేరే ఓడతో వెళ్లి అది ఎక్కడుందో కనిపెట్టారు, కానీ ఆ ట్రిప్‌లో పైకి తీసే మిషన్ లేదు, ఆగస్టులో మూడోసారి వెళ్లి తీశారు. అప్పటికే పది నెలలు. లోపల దాదాపు 26 గంటల ఆడియో, గాలి హోరు, అలారంలు, సగం సగం మాటలు, అది విని టైప్ చేయడానికే 1,100 గంటలకు పైగా పట్టింది, 500 పేజీల దాకా వచ్చింది. 2017 డిసెంబర్‌లో ఫైనల్ రిపోర్ట్. ఆ 500 పేజీల్లో కొన్ని పేజీలు చదివి పక్కన పెట్టేశా, చివరి గంట చదవలేకపోయా.

మా షిప్ సంగతిలో సముద్రం లోతు లేదు, వైర్ మా చేతుల్లోనే ఉంది. మరి ఎందుకు పట్టింది? ఇక్కడ బయటవాళ్లకి తెలియని విషయం, క్రూ. యాక్సిడెంట్ అయిన మూడు వారాలకి దర్యాప్తు మనిషి షిప్ ఎక్కాడు, అప్పటికే కాంట్రాక్ట్ అయిపోయిన ముగ్గురు సైన్ ఆఫ్ అయి ఇళ్లకెళ్లిపోయారు, చీఫ్ ఆఫీసర్ ఒక దేశం, బోసన్, అంటే డెక్ మేస్త్రి, ఇంకో దేశం. నన్ను రెండోసారి అడిగింది తొమ్మిది నెలల తర్వాత, నేను అప్పుడు వేరే షిప్‌లో ఉన్నా, శాటిలైట్ నెట్ వచ్చీ పోతూ ఉంటే వీడియో కాల్‌లో. ఆ రోజు గ్రీజు ఎవరు పెట్టారు అని అడిగితే తొమ్మిది నెలల కింద సంగతి ఎంత కచ్చితంగా చెప్పగలను? తెగిన వైర్ ముక్కలు ల్యాబ్‌కి వెళ్లడానికే నెలలు, ల్యాబ్‌లో ఇంకొన్ని నెలలు.

ఆ పైన దేశాలు. ఓడ ఏ దేశం ఫ్లాగ్ కింద ఉంటే, అంటే ఎక్కడ రిజిస్టర్ అయితే, ఆ దేశమే దర్యాప్తు బాధ్యత తీసుకోవాలి, ఐఎంవో, అంటే ఓడల విషయాలు చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ, వాళ్ల కోడ్ ఉంది, 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. కేరళ తీరంలో 2025 మే 25న మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3నే తీసుకోండి, 640 కంటైనర్లు, ఫ్లాగ్ లైబీరియా, కెప్టెన్ రష్యన్, మిగతావాళ్లు ఎక్కువమంది ఫిలిపినోలు, ఇద్దరు ఉక్రెయిన్ వాళ్లు, ఒక జార్జియా అతను, మునిగింది మన సముద్రంలో, ఒడ్డుకి ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొచ్చింది మన జాలర్ల ముందుకి. ఎవరు దర్యాప్తు చేయాలి, ఎవరి దగ్గర ఏ కాగితం ఉంది, ఎవరు ఎవరికి ఉత్తరం రాయాలి, ఇదంతా ఒక పని. డ్రాఫ్ట్ రెడీ అయ్యాక సంబంధం ఉన్న దేశాలకి పంపించి కామెంట్స్‌కి 30 రోజులు ఇవ్వాలి, వచ్చిన కామెంట్స్‌కి జవాబు రాయాలి, ఒక్కోసారి దానివల్ల మళ్లీ ఏదో టెస్ట్ చేయాల్సి వస్తుంది.

లాయర్లు ఇంకో వైపు. ఎన్‌టీఎస్‌బీ, ఎంఏఐబీ రిపోర్టులు తప్పు ఎవరిదని శిక్ష వేయడానికి కాదు, మళ్లీ జరక్కుండా చూడడానికి, అమెరికాలో అయితే నష్టపరిహారం కేసుల్లో ఎన్‌టీఎస్‌బీ రిపోర్ట్‌ని సాక్ష్యంగా వాడకూడదని చట్టమే ఉంది. మంచిదే. కానీ అదే టైంలో క్రిమినల్ దర్యాప్తు కూడా నడుస్తుంటే క్రూ నోరు విప్పడానికి భయపడతారు. డాలీ మీదకి ఏప్రిల్‌లోనే ఎఫ్‌బీఐ వచ్చింది, మనవాళ్ల ఫోన్లు తీసేసుకుంది, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి, ఈఎంఐ కట్టడానికి కూడా ఇబ్బంది పడ్డారు, ఓడ బ్రిడ్జి కింద ఇరుక్కుని మే 20 దాకా కదల్లేదు, కొంతమంది అయితే ఆ తర్వాత కూడా చాలా నెలలు అమెరికాలోనే ఉండిపోవాల్సి వచ్చింది. దర్యాప్తు ఎంత బాగా చేసినా ఆ రోజులు వాళ్ల పిల్లలకి ఎవరిస్తారు? ఈ విషయంలో ఎవరికీ స్టార్లు ఇవ్వలేను.

అందుకే నేను లేటుని రెండుగా చూస్తున్నా ఇప్పుడు. పని జరుగుతున్న లేటు వేరు, ఫైలు ఒకళ్ల టేబుల్ మీద కూర్చున్న లేటు వేరు. వేల ఓడలకి ఫ్లాగ్ ఇచ్చి ఫీజు తీసుకునే దేశాల్లో కొన్నిటికి దర్యాప్తు చేసే మనుషులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. మా షిప్ రిపోర్ట్ 16 పేజీలు, అందులో నాలుగు పేజీలు ఓడ కొలతలు, రిపోర్ట్ మీద ల్యాబ్ ఫలితం తేదీ చూస్తే ఫైనల్ తేదీకి 14 నెలల ముందుది. ఆ 14 నెలలు ఏం జరిగింది? నేను ఈమెయిల్ పెట్టా, జవాబు లేదు. యూరప్‌లో అయితే 12 నెలల్లో ఫైనల్ రాకపోతే కనీసం ఇంటరిమ్ రిపోర్ట్ పెట్టాలని రూల్ ఉంది, అలాంటిది ప్రపంచమంతా ఉండాలి, ఎక్కడి వరకు వచ్చిందో ఒక పేజీ పెట్టడానికి ఎంత పని?

లేటు ఎంత దూరం వెళ్లొచ్చో తెలియాలంటే డెర్బీషైర్ గురించి చదవండి. 1980 సెప్టెంబర్‌లో జపాన్ దగ్గర తుఫానులో మాయమైన బ్రిటిష్ ఓడ, 44 మంది, ఎస్‌వోఎస్ కూడా లేదు. మొదటి దర్యాప్తు 1989లో ప్రకృతి ముందు ఓడిపోయింది బహుశా అని తేల్చేసింది. కుటుంబాల వాళ్లు ఒప్పుకోలేదు, సంఘం పెట్టుకుని పోరాడి, 1994లో ఓడ శకలాలు కనిపెట్టించారు. ఆ తర్వాత ముందు వైపు హ్యాచ్, అంటే డెక్ మీద లోపలికి దిగే ద్వారం, దాని మూత క్రూ సరిగ్గా బిగించలేదని ఇంకో మాట వచ్చింది, అంటే పోయినవాళ్ల మీద నింద. మళ్లీ విచారణ తెరిపించి 2000లో క్రూ తప్పు లేదని చెప్పించుకున్నారు. 20 ఏళ్లు. ఆ కుటుంబాల ఓపికకి నేను చేతులెత్తి దండం పెడతా, ఇవాళ మేం ఎక్కే బల్క్ క్యారియర్ల (బొగ్గు, ఖనిజం లాంటివి విడిగా పోసుకెళ్లే ఓడల) హ్యాచ్ కవర్లు అంత గట్టిగా ఉండడం వెనక వాళ్ల పోరాటం ఉంది.

ఇక వాడకం సంగతి. ఎన్‌టీఎస్‌బీ సైట్‌లో రిపోర్ట్ ఒక్కటే కాదు, డాకెట్ అని ఉంటుంది, ఇంటర్వ్యూలు, ఫొటోలు, టెస్ట్ ఫలితాలు అన్నీ, క్యాడెట్లు అది తప్పకుండా చూడాలి, రిపోర్ట్ కంటే అందులోనే ఎక్కువ నేర్చుకోవచ్చు. వెతుక్కోవడం కొంచెం కష్టం, యాక్సిడెంట్ నంబర్ తెలిస్తే సుఖం. ఎంఏఐబీ రిపోర్టులు పొట్టిగా, సూటిగా ఉంటాయి, ఏడాదికి రెండుసార్లు సేఫ్టీ డైజెస్ట్ అని చిన్న చిన్న కేసులు వేస్తారు, టీ బ్రేక్‌లో ఒకటి చదివేయొచ్చు, పని మొదలెట్టే ముందు పెట్టే టూల్‌బాక్స్ మీటింగ్‌లో నేను అవే చెప్తా. ఎన్‌టీఎస్‌బీకి 5కి 4.5, ఎంఏఐబీకి 4.5, మా షిప్ రిపోర్ట్ రాసిన ఆఫీసుకి 2, ఆ రెండు కూడా ల్యాబ్ పని నిజాయితీగా చేయించినందుకు. అరస్టార్ ఎక్కడ కట్ చేశానంటే భాష. అన్నీ ఇంగ్లీషే, అదీ మా ఇంజనీర్ల ఇంగ్లీషు. డెక్ మీద పనిచేసేవాళ్లు, ఆయిలర్లు, వాళ్ల ఇళ్లలోవాళ్లు ఎలా చదువుతారు?

డాలీ రిపోర్ట్ వచ్చిన తర్వాత ఎక్కిన షిప్‌లో మొదటి వారమే మా ఈటీఓని, అంటే ఓడ ఎలక్ట్రికల్ ఆఫీసర్‌ని, కూర్చోబెట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ బ్రేకర్ల ప్యానెళ్లు, పర్మిషన్ తీసుకుని, కరెంట్ ఆపి ఐసొలేట్ చేసి, ఒక్కో వైర్ మెల్లగా లాగి చూశాం. రెండు కదిలాయి. రెండూ లేబుల్ బ్యాండ్ అడ్డొచ్చినవే. ఫొటోలు తీసి ఆఫీసుకి పంపాం, మిగతా షిప్పుల్లో కూడా చూడమని వాళ్లు సర్క్యులర్ పంపారు.

మా ఆయిలర్ రిపోర్ట్ వచ్చినప్పుడు నేను ఇంట్లోనే ఉన్నా. ప్రింట్ తీసుకుని బస్సెక్కి వాళ్ల ఊరు వెళ్లా. ఆవిడ చాప వేసి కూర్చోబెట్టింది, అత్తగారు గుమ్మం దగ్గర కూర్చున్నారు, నేను ఒక్కో పేరా తెలుగులో చెప్పుకుంటూ వచ్చా. వైర్ బయటికి నల్లగా గ్రీజుతో బాగానే కనపడుతుందని, కప్పీ మీద వంగి ఎప్పుడూ ఒకేచోట ఉండే ముక్క దగ్గర గ్రీజు లోపలికి వెళ్లక లోపలి తీగలు తుప్పు పట్టి తిన్నాయని, బయటి నుంచి చూస్తే ఎవరికీ తెలిసేది కాదని. అన్నీ విని ఒక్కటే అడిగింది, "మా ఆయన తప్పేటైనా రాసారేటి బాబూ?" 11వ పేజీలో ఉంది ఆ లైన్, డ్రిల్ చేసినవాళ్లు ఓడలో రాసిపెట్టిన పద్ధతి ప్రకారమే చేశారు అని. ఇంకోసారి చదవమంది, చదివా. మూడోసారి చదవమనలేదు, లోపలికెళ్లి వాళ్లబ్బాయి లెక్కల నోట్‌బుక్ తెచ్చింది, చివరి పేజీలో ఆ ఒక్క లైన్ తెలుగులో రాసిమ్మని. రాసిచ్చి, కింద రిపోర్ట్ తేదీ, పేజీ నంబర్ వేసి వచ్చా.